బెంగళూరులో ఎలక్ట్రానిక్ భాగాలను చిల్లరగా కొనడం ఎలా?

ఇంట్లో సొంతంగా ఒక సర్క్యూట్ కట్టుకోవాలనుకునే వారికి కావలసింది పది రెసిస్టర్లు, నాలుగు కెపాసిటర్లు, ఒకటో రెండో ఐసీలు (సర్క్యూట్‌ను తమలో ఇముడ్చుకున్న చిప్‌లు), ఒక సెన్సర్ మాత్రమే. కానీ ఎలక్ట్రానిక్ భాగాల వ్యాపారం ఫ్యాక్టరీల కోసం నడుస్తుంది, అక్కడ లెక్క వేలల్లో ఉంటుంది. అందువల్ల చిల్లరగా కొనేవారికి వస్తువు దొరికే చోటు ఒకటైతే, నమ్మకంగా దొరికే చోటు మరొకటి అవుతుంది. బెంగళూరులో ఉన్నవారికి ఈ విషయంలో మంచి వెసులుబాటు ఉంది. ఎస్పీ రోడ్డు బజారు ఉంది, హాబీ వస్తువులు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు ఉన్నాయి, తయారీ కంపెనీల అధీకృత పంపిణీదారుల నుంచి ఒక్క ముక్క కూడా తెప్పించుకునే వీలు ఉంది. ఈ మూడింటిలో ఏ భాగాన్ని ఎక్కడ కొనాలో తేల్చుకోవడానికి ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది నకిలీదైతే నా దగ్గరున్న మల్టీమీటరుతో (వోల్టేజీ, రెసిస్టెన్స్ వంటివి కొలిచే మీటరు) నేను పట్టుకోగలనా? పట్టుకోగలిగితే బజారులో కొనండి. పట్టుకోలేకపోతే రెండింతల ధరైనా సరే, అధీకృత పంపిణీదారు దగ్గరే కొనండి.

ముందు జాబితా, తర్వాతే బజారు

చిల్లర కొనుగోలులో జరిగే నష్టంలో ఎక్కువ భాగం జాబితా సరిగ్గా రాయకపోవడం వల్లనే జరుగుతుంది. "ఒక ట్రాన్సిస్టర్, ఒక మాస్‌ఫెట్, కొన్ని కెపాసిటర్లు" అని రాసుకుని వెళ్తే కౌంటర్‌లో ఉన్న అబ్బాయి తన దగ్గర ఉన్నదేదో ఇస్తాడు. అది అతని తప్పు కాదు. ప్రతి భాగానికీ పూర్తి పేరు, విలువ, ప్యాకేజీ (బయటి తొడుగు రూపం), సంఖ్య రాసుకోండి.

రెసిస్టర్లకు విలువతో పాటు వాటేజీ, టాలరెన్స్ (విలువలో ఉండగల తేడా శాతం) రాయాలి. మామూలు పనులకు పావు వాట్, మెటల్ ఫిల్మ్, ఒక శాతం అని రాస్తే సరిపోతుంది. విలువలను ఈ12 వరుసలోంచి, అంటే 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82 అనే అంకెలలోంచి ఎంచుకుంటే ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. లెక్క కట్టినప్పుడు 5 కిలోఓమ్‌లు వచ్చిందని దానికోసమే వీధంతా తిరగనవసరం లేదు. చాలా సర్క్యూట్లలో 4.7 కిలోఓమ్‌లు పెట్టినా పని జరుగుతుంది.

సెరామిక్ కెపాసిటర్లను కౌంటర్‌లో విలువతో కాక వాటి మీద ఉన్న కోడ్‌తోనే పిలుస్తారు. 0.1 మైక్రోఫారడ్ కావాలంటే "వన్ నాట్ ఫోర్", 0.01 మైక్రోఫారడ్ కావాలంటే "వన్ నాట్ త్రీ" అనండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు మైక్రోఫారడ్‌తో పాటు వోల్టేజీ, ఉష్ణోగ్రత కూడా రాయండి. పవర్ సప్లైలో పెట్టేదైతే 85 డిగ్రీలది కాక 105 డిగ్రీలది అడగండి, వేడి దగ్గర అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

ట్రాన్సిస్టర్ల దగ్గర పేరు చివర ఉన్న అక్షరాన్ని కూడా చూసుకోవాలి. బీసీ547లో ఏ, బీ, సీ అని మూడు రకాలుంటాయి, వాటి మధ్య తేడా గెయిన్‌లో, అంటే కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందన్న దానిలో, ఉంటుంది. ఏ రకానికి 110 నుంచి 220 వరకు, సీ రకానికి 420 నుంచి 800 వరకు ఉంటుంది. స్విచ్‌గా వాడితే ఏదైనా ఒకటే, ఆడియో ప్రీయాంప్లిఫైయర్‌లో మాత్రం ఈ తేడా కనబడుతుంది. కాళ్ల వరుస విషయం ఇంకా ముఖ్యం. చదునుగా ఉన్న ముఖం మీవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ547కు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి. 2ఎన్3904కు అదే వరుస తిరగబడి ఎమిటర్, బేస్, కలెక్టర్ అవుతుంది. పీఎన్2222ఏ, పీ2ఎన్2222ఏ అనే రెండింటిని కౌంటర్‌లో ఒకే "2222"గా ఇచ్చేస్తారు, కానీ వాటి కాళ్ల వరుసలు ఒకదానికొకటి వ్యతిరేకం. కనుక ఒక నంబరుకు బదులు ఇంకో నంబరు తీసుకోవలసి వస్తే అక్కడే ఫోనులో డేటాషీట్ (తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) తెరిచి కాళ్ల బొమ్మ చూడండి. వోల్టేజీ రెగ్యులేటర్లకూ ఇదే వర్తిస్తుంది. 7805కు ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ అయితే, అచ్చం అలాగే కనిపించే ఎల్ఎం317కు అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్ వస్తాయి.

మాస్‌ఫెట్ (వోల్టేజీతో తెరుచుకునే ట్రాన్సిస్టర్) కొనేటప్పుడు దాన్ని తెరిచే కాలైన గేట్‌కు మీరు ఎంత వోల్టేజీ ఇస్తారో ముందే తేల్చుకోండి. బజారులో సులువుగా దొరికే ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ పూర్తిగా తెరుచుకోవడానికి గేట్ దగ్గర 10 వోల్టులు కావాలి. ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు ఇచ్చే 5 వోల్టులతో నడపాలంటే ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ తీసుకోవాలి. పేరులో ఒక్క అక్షరమే తేడా, కానీ మొదటిదాన్ని 5 వోల్టులతో నడిపితే మోటారు నీరసంగా తిరుగుతూ మాస్‌ఫెట్ చేయి కాలేంత వేడెక్కవచ్చు.

చివరగా ప్యాకేజీ. బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే పలక) మీద, జీరో పీసీబీ (రంధ్రాలున్న సోల్డరింగ్ పలక) మీద పెట్టేవారికి 2.54 మిల్లీమీటర్ల ఎడంతో కాళ్లుండే డిప్ ప్యాకేజీ కావాలి. అదే ఐసీ ఎస్ఎండీ (బోర్డు పైభాగం మీదే అతికించే) రూపంలోనూ ఉంటుంది కనుక రాయకపోతే ఏది చేతికొస్తుందో చెప్పలేము. కొత్త సెన్సర్లు చాలావరకు డిప్‌లో రావు, వాటిని చిన్న బోర్డు మీద అతికించి అమ్మే మాడ్యూల్ రూపంలోనే కొనాలి.

జాబితాను విడగొట్టడం

ఇప్పుడు మొదట చెప్పుకున్న ప్రశ్నను ప్రతి వరుసకూ వేయండి. రెసిస్టర్లు, డయోడ్లు, ఎల్ఈడీలు, పొటెన్షియోమీటర్లు, స్విచ్‌లు, రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు, వైర్లు, ఐసీ బేస్‌లు, బెర్గ్ స్ట్రిప్‌లు (పిన్నుల వరుసలు), రిలిమేట్ కనెక్టర్లు (బోర్డుకు వైర్లు తగిలించేవి), పెట్టెలు: వీటిలో లోపం కంటికో మీటరుకో దొరికిపోతుంది. ఇవన్నీ బజారు సరుకు. ఎన్ఈ555, ఎల్ఎం358 వంటి చవకైన, పాత ఐసీలను కూడా ఇక్కడే కొనవచ్చు. పని చేయకపోతే పోయేది కొద్ది రూపాయలే, బ్రెడ్‌బోర్డ్ మీద నిమిషంలో తేలిపోతుంది.

పని చేస్తున్నట్టే కనబడుతూ తప్పు చెప్పే భాగాలది వేరే దారి. ఖచ్చితమైన వోల్టేజీ రిఫరెన్స్‌లు, ఏడీసీలు (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్‌లు), ఉష్ణోగ్రత సెన్సర్లు, పవర్ మాస్‌ఫెట్లు, పెద్ద ఆడియో ట్రాన్సిస్టర్లు, లిథియం సెల్స్ ఈ కోవలోకి వస్తాయి. డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్‌నే తీసుకోండి. దీని అసలు తయారీదారు ఒకప్పుడు డల్లాస్ సెమీకండక్టర్, తర్వాత మ్యాక్సిమ్, 2021 నుంచి అనలాగ్ డివైసెస్. నీళ్లలో ముంచే స్టీలు గొట్టంలో పెట్టి చవకగా అమ్మే ప్రోబ్‌లలో నకళ్లు చాలా ఎక్కువ. అవి ఉష్ణోగ్రత చూపిస్తాయి కాబట్టి కొన్నవారికి అనుమానం రాదు. అక్వేరియంకు అది చాలు, టీకాలు దాచే ఫ్రిజ్ మీద నిఘాకు మాత్రం చాలదు. కనుక భాగం ఒక్కటే కాదు, దాన్ని మీరు ఏ పనికి వాడుతున్నారన్నది కూడా ఈ విభజనలో లెక్కలోకి తీసుకోవాలి.

ఎస్పీ రోడ్డుకు వెళ్లడం

ఎస్పీ రోడ్డు అంటే సదర్ పత్రప్ప రోడ్డు. పేట ప్రాంతంలో, టౌన్‌హాల్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. సొంత బండి మీద వెళ్లవద్దని గట్టిగా చెబుతాను, బండి నిలపడానికి చోటు వెతికే సమయంలో సగం జాబితా పూర్తవుతుంది. 2017 జూన్‌లో గ్రీన్ లైన్ భూగర్భ మార్గం తెరుచుకున్నప్పటి నుంచి చిక్కపేట, కృష్ణరాజేంద్ర మార్కెట్ మెట్రో స్టేషన్లు రెండింటి నుంచీ నడిచి వెళ్లవచ్చు. హిందూపురం, అనంతపురం వైపు నుంచి రైలులో పొద్దున వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లే విద్యార్థులు మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ ఎక్కితే తర్వాతి స్టేషనే చిక్కపేట. ఆదివారం ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి. మిగతా రోజుల్లో పదకొండు గంటల ప్రాంతంలో చేరుకుంటే దుకాణాలు తెరిచి ఉంటాయి, రద్దీ ఇంకా ముదరదు.

రోడ్డు మీదికి కనబడే దుకాణాల్లో చాలావరకు ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు, సీసీ కెమెరాలు అమ్మేవే కావడంతో కొత్తగా వచ్చినవారు ఇక్కడ భాగాలు దొరకవేమో అనుకుంటారు. పక్క సందుల్లోకి, మేడ మీది అంతస్తుల్లోకి వెళ్లాలి. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు కనబడితే అది మీ దుకాణం. మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ కొనకుండా ఒక చుట్టు తిరిగి, ఏ దుకాణం రెసిస్టర్లది, ఏది కనెక్టర్లది, ఏది ట్రాన్స్‌ఫార్మర్లది, ఏది రోబో కిట్లదన్నది గుర్తుపెట్టుకోండి. ఒక్కో దుకాణానికి ఒక్కో ప్రత్యేకత ఉంటుంది. ఒక దుకాణంలో లేని వస్తువు ఎక్కడ దొరుకుతుందో అడిగితే సాధారణంగా దారి చూపిస్తారు.

భాష గురించి బెంగ అవసరం లేదు. కన్నడ, హిందీ, తమిళం, తెలుగు అన్నీ వినబడే వీధి ఇది. "అన్నా" అని పలకరిస్తే తెలుగులోనే బదులు చెప్పేవారు చాలా కౌంటర్లలో ఉంటారు. అయితే భాగాల పేర్లు మాత్రం అందరూ ఇంగ్లీషులోనే చెబుతారు. జాబితాను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చేతికిస్తే అతను వరుసగా సొరుగులు తీస్తూ పోతాడు, మీ వెనుక నిలబడిన వారికి కూడా ఇబ్బంది ఉండదు. ఫోనులో తెర వెలుగు ఆరిపోతూ చూపించే జాబితా కంటే కాగితం చాలా మేలు.

చిల్లరగా ఇవ్వడంలో ఒక్కో వస్తువుకు ఒక్కో ఆనవాయితీ ఉంటుంది. రెసిస్టర్లను పది, యాభై, వంద లెక్కన పట్టీలుగా కత్తిరించి ఇస్తారు. ఒక్కటే కావాలని అడగవద్దు, అంత తక్కువ ధర వస్తువుకు బిల్లు రాయడమే వారికి నష్టం. ఐసీలు, ట్రాన్సిస్టర్లు, సెన్సర్లు ఒక్కొక్కటిగా నిరభ్యంతరంగా ఇస్తారు. బేరం గురించి ఒక మాట: చిల్లర కొనుగోలులో మిగిలేది చాలా తక్కువ. దానికి బదులు "పని చేయకపోతే మారుస్తారా?" అని అడిగి తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగం. సోల్డర్ చేసిన భాగాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు, అది న్యాయమే. కాళ్లు వంచని, సోల్డర్ తగలని వస్తువును బిల్లు చూపిస్తే మార్చే దుకాణాలు ఉన్నాయి. అందుకే చిన్న మొత్తానికైనా జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి.

కౌంటర్ దగ్గరే చూడవలసినవి

ఐసీ చేతికి ఇవ్వగానే సంచిలో వేసుకోకుండా వెలుగులో పక్కకు వాల్చి చూడండి. పైభాగం మీద పేరు కింద సాధారణంగా నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది. మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతి రెండు అంకెలు వారం. 2219 అని ఉంటే 2022వ సంవత్సరం పంతొమ్మిదో వారంలో తయారైందని అర్థం. ఒకే గొట్టంలోంచి తీసిన నాలుగు ఐసీల మీద నాలుగు రకాల తేదీలుంటే అవి పాత బోర్డుల నుంచి పీకినవి కావచ్చు. ఒకటో కాలు దగ్గర ఉండే గుంటను చూడండి. అసలైనదానిలో అది నున్నగా, అంచు స్పష్టంగా ఉంటుంది. పాత పేరును గీకేసి నల్ల పూత పూసి కొత్త పేరు అచ్చువేసిన ఐసీలో ఆ గుంట సగం పూడిపోయి ఉంటుంది, పైభాగం గరుకుగా, పక్కభాగం వేరే నలుపుగా కనిపిస్తుంది. కాళ్ల మీద పాత సోల్డర్ మరకలుంటే అవి వాడినవే. ఇంటికి వచ్చాక దూదికి ఎసిటోన్ అద్ది పైభాగాన్ని రుద్దితే పైపైన పూసిన పూతలు చాలావరకు దూదికి అంటుకుంటాయి. అయితే మంచి యంత్రాలతో చేసిన నకలు ఈ పరీక్షలన్నీ దాటిపోతుంది. ఖరీదైన ఐసీని బజారులో కొనవద్దనడానికి కారణం అదే.

నకిలీ ఐసీ కష్టం ఎంతవరకు వెళ్తుందో 2014 అక్టోబరులో ప్రపంచమంతా చూసింది. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే ఎఫ్‌టీడీఐ చిప్‌లకు నకళ్లు విపరీతంగా పెరగడంతో ఆ కంపెనీ విండోస్ అప్‌డేట్ ద్వారా పంపిన డ్రైవర్ నకిలీ చిప్‌లోని గుర్తింపు నంబరును సున్నాగా మార్చేసింది. తెలియక కొన్నవారి బోర్డులు రాత్రికి రాత్రి కంప్యూటరుకు కనబడకుండా పోయాయి. విమర్శలు వచ్చాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. చవకైన యూఎస్‌బీ బోర్డు కావాలంటే నకిలీ ఎఫ్‌టీడీఐ కంటే అదే పని చేసే సీహెచ్340 చిప్ ఉన్న బోర్డు తీసుకోవడం నిజాయితీ ఉన్న ఎంపిక. అది తన పేరుతోనే అమ్ముడవుతుంది.

లిథియం సెల్స్ విషయంలో పట్టువిడుపులు వద్దు. 18650 అనే గుండ్రటి సెల్ మీద సామర్థ్యం 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే దాన్ని అక్కడే పెట్టేయండి. ఆ పరిమాణంలో మంచి కంపెనీల సెల్స్‌కే సాధారణంగా 3500 ఎంఏహెచ్ దగ్గర హద్దు. అసలైన సెల్ బరువు 45 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటుంది, వంటింటి డిజిటల్ త్రాసు మీద అంతకంటే బాగా తేలికగా తూగితే లోపల సరుకు లేదని అర్థం.

ఆన్‌లైన్ దుకాణాలు

ఈఎస్‌పీ32, ఆర్డుయినో బోర్డులు, డిస్‌ప్లేలు, మోటార్ డ్రైవర్లు, సెన్సర్ మాడ్యూళ్లకు మన దేశంలోని ఆన్‌లైన్ దుకాణాలే అనువు. పుణెలోని రోబు, నవీ ముంబయిలోని ఎవెల్టా, బెంగళూరులోనే ఉన్న ప్రోబాట్స్, టెనెట్ టెక్నెట్రానిక్స్ వంటివి ఒక్కొక్క ముక్కగా అమ్ముతాయి. ఊరిలోనే ఉన్న దుకాణం నుంచి తెప్పిస్తే పార్శిల్ త్వరగా అందుతుంది, తేడా వస్తే మాట్లాడటం సులువు. మాడ్యూల్ బొమ్మ చూసి కొనవద్దు, దాని మీద ఏ చిప్ ఉందో వివరంగా రాసిన దుకాణాన్నే ఎంచుకోండి. పాత సలహాలలో తరచూ కనిపించే అలీఎక్స్‌ప్రెస్‌ను 2020 నవంబరులో మన ప్రభుత్వం నిలిపివేసింది కనుక ఆ దారి వదిలేయండి.

రేడియో మాడ్యూళ్లు కొనేవారికి ఒక హెచ్చరిక. తక్కువ శక్తితో దూరానికి సమాచారం పంపే లోరా రేడియోకు మన దేశంలో వాడేది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పట్టీ. కనుక 868 అని రాసి ఉన్న రకమే కొని, ప్రోగ్రామ్‌లో ఫ్రీక్వెన్సీని ఈ హద్దుల మధ్యకు మార్చుకోండి. 915 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్నవి అమెరికా వంటి దేశాల కోసం చేసినవి.

అధీకృత పంపిణీదారులు

డిజీకీ, మౌసర్, ఎలిమెంట్14 అనే మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. వీరు తయారీ కంపెనీ నుంచి నేరుగా సరుకు తెచ్చి, ఒక్క ముక్క కూడా అమ్ముతారు. సైటులో "కట్ టేప్" అని ఉన్న వరుసను ఎంచుకుంటే రీలులోంచి మీకు కావలసినన్ని కత్తిరించి పంపుతారు. "రీల్" అన్న వరుసలో ఒక్కో ముక్క ధర తక్కువగా కనబడుతుంది కానీ అక్కడ వేల సంఖ్యలో కొనాలి. మీరు చివరికి వీరి దగ్గర కొనకపోయినా వెతకడానికి మాత్రం వీరి సైట్లే వాడండి. వోల్టేజీ, కరెంటు, ప్యాకేజీ, నిల్వ అని ఒక్కో గడిలో హద్దులు పెట్టుకుంటూ పోతే వేల భాగాలలోంచి సరిపోయే పది మిగులుతాయి, ప్రతిదాని పక్కనా డేటాషీట్ ఉంటుంది.

ధర పోల్చేటప్పుడు పన్ను కలిపారో లేదో చూసుకోండి, ఈ భాగాలలో ఎక్కువ వాటి మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. విదేశం నుంచి కొరియర్‌లో వస్తే గుర్తింపు పత్రాలు అడుగుతారు. ఐసీలకు ప్రాథమిక కస్టమ్స్ సుంకం లేకపోయినా ఐజీఎస్టీ (దిగుమతి మీది జీఎస్టీ) పడుతుంది, కొరియర్ సంస్థ తన రుసుము కూడా వేస్తుంది. ఈ ఖర్చులు ఒక్క ఐసీకైనా ముప్పై ఐసీలకైనా పెద్దగా మారవు. కాబట్టి అవసరాలను కూడబెట్టి, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే ఆర్డరు పెట్టుకోవడం మేలు. కాలేజీ ప్రాజెక్టు బృందాలకు ఇది బాగా సరిపోయే పద్ధతి.

ఇంటికి తెచ్చాక

సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకముందే ప్రతి రకం భాగాన్నీ కొలవండి. రెసిస్టర్లలో పట్టీకి రెండేసి, డయోడ్లన్నీ డయోడ్ మోడ్‌లో, కెపాసిటర్లను ఆ సౌకర్యం ఉన్న మీటరుతో చూడండి. చవకగా దొరికే కాంపోనెంట్ టెస్టర్ ఒకటి కొనుక్కుంటే ట్రాన్సిస్టర్ కాళ్ల వరుస, గెయిన్ రెండూ తెర మీద చూపిస్తుంది, పైన చెప్పిన 2222 తికమక అక్కడితో తీరిపోతుంది. వెయ్యి మైక్రోఫారడ్ అని రాసి ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎనిమిది వందలు చూపినా ఫరవాలేదు, వాటికి ఇరవై శాతం తేడా మామూలే. నాలుగు వందలు చూపితే మాత్రం వాడవద్దు.

కొలిచినవాటిని చిన్న జిప్ కవర్లలో వేసి, విలువతో పాటు కొన్న దుకాణం పేరు, తేదీ కవరు మీద రాయండి. ఐసీలను నల్లటి యాంటీస్టాటిక్ ఫోమ్‌లో గుచ్చి ఉంచండి, మామూలు థర్మోకోల్‌లో గుచ్చితే స్థిర విద్యుత్తుకు పాడవవచ్చు. కవరు మీద రాసిన ఆ వివరం వల్ల, ఆరు నెలల తర్వాత ఒక రెగ్యులేటర్ కారణం లేకుండా వేడెక్కితే అదే కవరులో మిగిలినవాటిని పక్కన పెట్టగలుగుతారు, మరోసారి వెళ్లినప్పుడు ఆ వస్తువును ఇంకో దుకాణంలో అడుగుతారు.